బ్రేకు బాబాయి టోపీ

మా తోడల్లుణ్ని అందరూ బ్రేకు బాబాయి అంటారు. నాకు మాత్రం అన్నయ్య. వరసకి అలా పిలవాలి కాబట్టి పిలుస్తున్నాను గానీ, నాకు కారు నేర్పిన రోజుల్లో మనసులో ఇంకేదో పిలిచేవాణ్ని.

ఆయనది డ్రైవింగు స్కూలు. స్కూలనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక చిన్న తెల్ల కారు, దాని నెత్తిన ‘నేర్చుకుంటున్నాం, ఓర్చుకోండి’ అనే బోర్డు, మెట్ల కింద ఒక గది, గదిలో ఒక బల్ల, గోడకి రోడ్డు గుర్తుల పటం. అంతే సంస్థ. ఆ కారులో నడిపేవాళ్లకి ఉన్నట్టే పక్క సీటులో కూర్చునే ఆయనకీ కాళ్ల దగ్గర ఒక బ్రేకు ఉంటుంది. నేర్పే కార్లన్నిట్లోనూ ఉంటుంది. మిగతా మాస్టార్లు దాన్ని ప్రాణం మీదికి వస్తే తొక్కుతారు. మా అన్నయ్య అల్లంత దూరాన కుక్క కనబడితే తొక్కుతాడు. కుక్క కనబడకపోతే, ఇంతకీ ఎక్కడుందో అని తొక్కుతాడు.

నేను లైసెన్సు తెచ్చుకుని మొదటిసారి ఒంటరిగా బండి తీసిన రోజున మార్కెట్టు గేటుదాకా దర్జాగా వెళ్లాను. గేటు దగ్గరికొచ్చాక, ఎవరో ఒకరు ఆపుతారులే అన్నట్టు కూర్చున్నాను. ఎవరూ ఆపలేదు. ఆ గేటు ఇప్పటికీ కాస్త వంకరగానే ఉంటుంది. ఈ సంగతి ఎత్తితే ఆయన ఛాతీ విరుచుకుని, “నా పక్కన కూర్చున్నంతకాలం నీకు గీత పడిందా?” అంటాడు. పడలేదు. అదే నా బాధ.

కారు దిగినా ఆ కుడికాలు ఊరుకోదు. బస్సెక్కితే నేల తొక్కుతుంది. సినిమాకి వెళ్తే, తెరమీద లారీ వచ్చినప్పుడల్లా ముందు సీటులో ఉన్నవాడి నడుం అదిరిపోతుంది. క్షవరానికి కూర్చున్నా, కత్తెర చెవి దగ్గరికి రాగానే కాలు టక్కుమని నేలకి కొట్టుకుంటుంది. మనిషి మటుకు వెన్న. ఎవరైనా దెబ్బ తింటుంటే చూడలేడు. ఇంట్లో బొద్దింకని కూడా వాకిలిదాకా సాగనంపి వస్తాడు.

అలాంటి మనిషి ఆదివారాలు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి కోచ్. పన్నెండేళ్ల లోపు పిల్లలు, పసుపు చొక్కాలు. ఒకప్పుడు ఆయన కూతురు ఆ జట్టులో ఆడేది. అది పెద్దదై, ఉద్యోగంలో చేరి, బంతి మొహం చూడ్డం మానేసింది. ఈయన మానలేదు. నేను ఆయనకి సహాయకుణ్ని. అంటే బంతుల సంచి మోస్తాను, నీళ్ల సీసాలు నింపుతాను, ఆయన కోప్పడకుండా చూస్తాను. ఆయనకి ఎలాగూ కోపం రాదు కాబట్టి మూడో పని తేలిక.

మొదట్లో పసుపు జట్టు అందరి చేతిలోనూ ఓడేది. ఓర్పుగా నేర్పి నేర్పి ఆయన దాన్ని ఎక్కడికో తీసుకెళ్లాడు. తూనీగ అని మేం పిలుచుకునే ఒక బక్కపలచ పిల్ల వచ్చి చేరాక ఇక చెప్పక్కర్లేదు. బంతి దాని కాలికి తగిలిందంటే ఎదుటివాళ్ల గోల్‌కీపరుకి పని పడ్డట్టే. గోల్స్ వానలా కురవడం మొదలైంది. సరిగ్గా అప్పుడే మా అన్నయ్యకి దిగులు పట్టుకుంది.

ఎందుకంటే ఆయనకొక పాత గాయం ఉంది. బడిలో చదివే రోజుల్లో ఆయన జట్టు ఒక పెద్ద బడి జట్టు చేతిలో చిత్తుచిత్తుగా ఓడిపోయింది. ఆ కథ మా ఇంట్లో పసిపిల్లల దగ్గర్నించీ అందరికీ కంఠతా.

“పదిహేడు గోల్స్ తమ్ముడూ! వాళ్ల గోల్‌కీపరుకి పనే లేదు. గోల్ పోస్టుకి ఆనుకుని కూర్చుని, జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. ఇంటికెళ్లి బూట్లు అటక మీదికి విసిరేశాను. మళ్లీ కాలికి తొడగలేదు” అంటాడు. ఒక్కోసారి పదిహేడు, ఒక్కోసారి పంతొమ్మిది. చుట్టాలు ఎక్కువమంది ఉంటే ఇరవై దాటుతుంది.

అంచేత తన పిల్లల చేతిలో ఏ పిల్లకీ ఆ గతి పట్టకూడదని ఒక పద్ధతి పెట్టాడు. ఆయన నెత్తిన ఎప్పుడూ ఒక వెలిసిపోయిన నీలం టోపీ ఉంటుంది. మాకు అయిదు గోల్స్ రాగానే ఆ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంటాడు. టోపీ తీశాడంటే ఇక ఎవరూ గోలు కొట్టకూడదు. బంతిని ఒకళ్లకొకళ్లు అందించుకుంటూ కాలక్షేపం చెయ్యాలి. మా లీగులో మామూలుగా ఉన్న ఏర్పాటు వేరు: తేడా ఏడు దాటితే బోర్డు మీద అంకె మార్చరు. ఆపైన ఎన్ని గోల్స్ పడ్డా బోర్డు ఏడు దగ్గరే మూగనోము పడుతుంది. పిల్లలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూనే ఉంటారు. “బోర్డు నోరు మూస్తే సరా? గోలే పడకూడదు” అనేది మా అన్నయ్య వాదన. ఆ వాదన కమిటీవారికి నచ్చి, పోయినేడు ఆయనకి క్రీడాస్ఫూర్తి షీల్డు ఇచ్చారు. అది మా వదిన ఫ్రిజ్ మీద కొలువై ఉంది. వదిన రోజూ దాన్ని తుడుస్తూ, “ఈ ఇంట్లో మెరిసేది ఇదొక్కటే” అంటుంది.

ఈ ఏడు లీగులోకి ఆకుపచ్చ చొక్కాల జట్టు ఒకటి కొత్తగా వచ్చింది. కోచ్ బేకరీ ఆయన. కూతురు అడిగిందని ఒప్పుకున్నాడు గానీ, ఫుట్‌బాల్ గుండ్రంగా ఉంటుందని తప్ప ఆయనకి ఇంకేమీ తెలీదు. “పరిగెత్తండమ్మా, పరిగెత్తండి!” అనేదే ఆయన శిక్షణంతా. ఆ పిల్లలు కూడా పాపం మాట జవదాటకుండా, బంతి ఎటున్నా సరే పరిగెత్తేవాళ్లు.

వాళ్లలో నిలబడి ఆడేది ఒక్కతే, గోల్‌కీపరు. పొట్టి పిల్ల. చేతులకి ఎవరో పెద్దవాళ్ల గ్లోవ్స్. జారిపోకుండా మణికట్టు దగ్గర రబ్బరుబ్యాండ్లు చుట్టుకుంది. దాంతో మావాళ్లు దానికి రబ్బరుబ్యాండు అనే పేరే ఖాయం చేశారు. ఒళ్లు చిన్నదైనా గొంతు పెద్దది. “అటు కాదే, ఇటు! నీ వెనకాలే ఉందే!” అని తనవాళ్లని ఒకటే అదిలింపు.

వాళ్లతో మా మొదటి మ్యాచిలో సగం ఆట అయ్యేసరికి అయిదు పడ్డాయి. అన్నయ్య టోపీ తీశాడు.

మా పిల్లలు మహా క్రమశిక్షణ గలవాళ్లు. టోపీ చూశారో లేదో, మైదానం మధ్యలో చక్కగా గుండ్రంగా సర్దుకుని బంతిని అందించుకోవడం మొదలెట్టారు. ఆకుపచ్చ పిల్లలు బంతి వెనక పరుగు. ఇటొస్తే అటు, అటెళితే ఇటు. కాసేపటికి వాళ్లకి ఆయాసం, చూసేవాళ్లకి సరదా. గట్టు మీద కూర్చున్న తల్లిదండ్రులు ఒక్కొక్క పాసునీ పైకి లెక్కపెడుతూ నవ్వడం మొదలెట్టారు. ఆ నవ్వులో చెడ్డ ఉద్దేశం ఉందని నేననను. నేను కూడా కొంచెం నవ్వాను.

మధ్యలో ఒకసారి బంతి తూనీగకి దొరికింది. ఎదురుగా ఎవరూ లేరు, గోల్లో రబ్బరుబ్యాండు తప్ప. ఆ పిల్ల రెండడుగులు ముందుకొచ్చి, చేతులు బారజాపి, మోకాళ్లు వంచి నిలబడింది. కళ్లార్పలేదు. తూనీగ టోపీ వైపు ఒకసారి చూసింది. తర్వాత ఆ పిల్లని చూసి, బుజ్జగింపుగా చిన్న నవ్వు నవ్వి, వెనక్కి తిరిగి బంతిని మావాళ్లకే ఇచ్చేసింది. గట్టు మీద పెద్దలందరూ చప్పట్లు. కమిటీలోని బ్యాడ్జీ పెద్దమనిషి మా అన్నయ్య భుజం తట్టి, “మీరుండగా మాకు దిగుల్లేదండీ” అన్నాడు.

మ్యాచి అయిదు-సున్నాకే ముగిసింది. అందరూ చేతులు కలుపుకున్నారు. రబ్బరుబ్యాండు కలపలేదు. గ్లోవ్స్ విప్పి, పోస్టు మొదట్లో పెట్టి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్లిపోయింది. మైదానం గేటు దగ్గర ఒకావిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్లడం చూశాం. “అయ్యో, మర్చిపోయింది పాపం” అంటూ అన్నయ్య ఆ గ్లోవ్స్ తెచ్చి కారులో పెట్టాడు.

మర్నాడు పొద్దున్న నేను ఎప్పట్లాగే ఆయన కారు వెనకసీటులో ఉన్నాను. నేను పనిచేసే కళ్లద్దాల షాపు ఆ దారిలోనే కాబట్టి, ఆయన ఎవరికి పాఠం చెబుతున్నా నన్ను దింపేసి పోతాడు. బస్సు ఖర్చు తప్పుతుంది, తల ప్రాణం తోకకి వస్తుంది. ఆ పూట పాఠం ముందురోజు మైదానం గేటు దగ్గర కనబడిన ఆవిడకే. మందుల షాపులో పని ఆవిడది. అప్పటికే లైసెన్సు పరీక్షకి వెళ్లి తప్పి వచ్చింది. ఆపాల్సిన చోట బండి ఆపలేదట.

అన్నయ్య గ్లోవ్స్ తీసి చూపించాడు. “ఇవి మీ అమ్మాయివేనాండీ? నిన్న మర్చిపోయినట్టుంది.”

“మర్చిపోలేదండీ, వదిలేసింది” అంది ఆవిడ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. “ఇక ఆడనంటోంది.”

“అయిదుకే అంత బాధెందుకండీ! మావాళ్లు తల్చుకుంటే పదిహేను కొట్టేవాళ్లు. పిల్లలు నొచ్చుకుంటారని నేనే ఆపాను.”

“అది ఏడ్చింది అయిదుకి కాదండీ, మీరు ఆపినందుకు. పదిహేను కొట్టినా బాగుండేదమ్మా అంటుంది. ఆ అక్క నా ముందుదాకా వచ్చి, నన్ను చూసి నవ్వి వెళ్లిపోయింది, నేనసలు అక్కడ లేనట్టే అంటుంది. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.”

అన్నయ్య గ్లోవ్స్ మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు. అంతలో పక్క సందులోంచి తోపుడుబండి ఒకటి ముక్కు బయటపెట్టింది. ఇంకా చాలా దూరంలోనే ఉంది. కుడికాలు ఊరుకుంటుందా? కారు గుర్రుమని ఆగిపోయింది. నా నుదురు ముందు సీటుకి కొట్టుకుంది.

“నేను తొక్కబోతున్నానండీ!” అంది ఆవిడ.

“తొక్కుతారేమోనని చూశాను, తొక్కలేదు కదాని...”

“ఎక్కడ చూశారు? చూసేలోపే తొక్కేశారు!” ఆవిడ ఇంజను ఆపేసి ఆయన వైపు తిరిగింది. మందుల షాపులో జ్వరం బిళ్లలు ఇచ్చేటప్పుడు ఎంత నెమ్మదిగా మాట్లాడుతుందో అంత నెమ్మదిగానే అంది. “మీరు మంచివాళ్లే. కానీ ఇన్నాళ్లూ ఈ బండి నేను ఒక్కసారి కూడా ఆపలేదండీ. బ్రేకు ఎక్కడుందో తెలుసు. తొక్కితే ఎలా పట్టుకుంటుందో నా కాలికి తెలీదు. పరీక్ష రోజు మీరు పక్కన ఉండరు. నేనేం చెయ్యను?”

వెనకసీటులో నా మనసు ఈల వేసింది. మార్కెట్టు గేటు సాక్షిగా, ఇన్నేళ్లకి నా తరఫున ఒకళ్లు వకాల్తా పుచ్చుకున్నారు.

దిగేటప్పుడు ఆవిడ ఇంకో మాట చెప్పింది. గోల్లో నిలబడ్డానికి ఆ జట్టులో ఇంకో పిల్ల లేదు. ఇది మానేస్తే, మిగిలిన మ్యాచిలకి జట్టునే విరమించుకుంటానని బేకరీ ఆయన కమిటీకి చెప్పేశాడట. “పిల్లలందరి ఆటా పోతుందని దీనికి ఇంకో బెంగ” అంటూ వెళ్లిపోయింది. గ్లోవ్స్ మాత్రం తీసుకోలేదు.

ఆ సాయంత్రం అన్నయ్య వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన కాలుగాలిన పిల్లిలా హాల్లో తిరుగుతున్నాడు. వదిన ఇస్త్రీ చేసుకుంటోంది. నన్ను చూడగానే ఆయనకి పూనకం వచ్చింది.

“నువ్వు చెప్పు తమ్ముడూ! జాలిపడ్డం తప్పా? నాకు తెలీదా ఆ బాధ? పంతొమ్మిది గోల్స్ తిన్నవాణ్ని!”

“పోయిన వారం పదిహేడన్నారు” అంది వదిన, చొక్కా కాలరు తిప్పుతూ.

“ఎన్నయితే ఏం? ఆ వాళ్ల గోల్‌కీపరు పోస్టుకి ఆనుకుని కూర్చుని, దువ్వెన తీసి...”

“ఏమండీ, ఒక్క మాట చెప్పనా?” వదిన ఇస్త్రీపెట్టె నిలబెట్టి పెట్టింది. “పెళ్లయినప్పట్నించీ ఈ కథ వింటున్నాను. చెప్పినప్పుడల్లా స్కోరు మారుతుంది. ఒకసారి వాన పడుతోందంటారు, ఒకసారి ఎండంటారు. మారనిది ఆ దువ్వెన ఒక్కటే. మీకు గుచ్చుకుంది గోల్సయితే ఈపాటికి వాటి లెక్క గుర్తుండేది కదా?”

అన్నయ్య సోఫాలో కూలబడి ఫ్రిజ్ మీది షీల్డు వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ మొహం చూస్తే నాకు ఏడిపించబుద్ధి కాలేదు. తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

“అయితే నేను తూనీగ చేతికి దువ్వెన ఇచ్చానంటావా?”

వదిన ఇస్త్రీ చేసిన చొక్కా ఆయన ఒళ్లో పెట్టి, “తొడుక్కుని వెళ్లండి. మందుల షాపు ఇంకా తీసే ఉంటుంది” అంది.

వెళ్లాం. షాపు వెనక భాగంలో, దగ్గుమందు అట్టపెట్టె మీద పుస్తకం పెట్టుకుని రబ్బరుబ్యాండు లెక్కలు చేసుకుంటోంది. తల్లి కౌంటరు దగ్గర ఎవరికో మాత్రలు ఎలా వేసుకోవాలో చెబుతోంది. అన్నయ్య ఎలా మొదలుపెట్టాలో తోచక, ముందు గొంతునొప్పి బిళ్లలు కొన్నాడు. కొన్నాక గొంతు సవరించుకున్నాడు. చివరికి పిల్ల ఎదురుగా గొంతుకూర్చుని గ్లోవ్స్ దాని పుస్తకం పక్కన పెట్టాడు.

“నాది తప్పేనమ్మా” అన్నాడు.

పిల్ల పెన్సిలు కొరుకుతూ చూసింది. “ఏ తప్పు?”

తప్పించుకోనిచ్చే రకం కాదు. “నీతో ఆడనివ్వకుండా మావాళ్లని ఆపడం” అన్నాడు.

“మళ్లీ మ్యాచిలో టోపీ తీస్తారా?”

“తియ్యను.”

“ఆ అక్క నిజంగా కొడుతుందా? గట్టిగా?”

“కొడుతుంది. కానీ చాలా పడతాయేమోనమ్మా. నీకు కష్టంగా...”

“ఎన్ని పడాలో మీరెందుకు చెప్తారు? గోల్లో ఉండేది నేను కదా!” అంది పిల్ల. తర్వాత గ్లోవ్స్ ఒకటొకటే తొడిగి, వేళ్లు ముడిచి తెరిచి చూసుకుంది. “రబ్బరుబ్యాండ్లు పోయాయి. అమ్మా, రబ్బరుబ్యాండ్లు!”

ఒక్కో జట్టుతో రెండేసి మ్యాచిలు ఆడటం మా లీగు పద్ధతి. రెండోది వచ్చేసరికి కబురు తెలిసినట్టు గట్టంతా నిండింది. ఆట మొదలయ్యే ముందు అన్నయ్య మా పిల్లల్ని పోగేసి చెప్పాడు.

“ఇవాళ టోపీ ఉండదు. చివరిదాకా ఆడండి. గోలు పడితే గంతులెయ్యొద్దు, కేకలు పెట్టొద్దు. ఎదుటి పిల్ల పడితే చెయ్యిచ్చి లేపండి. ఆ గోల్‌కీపరుని చూసి మాత్రం నవ్వకండి. గురి చూసి కొట్టండి.”

“ఎన్ని కొట్టాలి బాబాయ్?” అంది తూనీగ.

“ఎన్ని కొట్టాలో అడక్కు. ఆపడానికి అక్కడ మనిషి ఉంది.”

టోపీ నా చేతికిచ్చాడు. “నేనడిగినా ఇవ్వకు తమ్ముడూ” అన్నాడు. నేను దాన్ని కుర్చీలో పెట్టి, దాని మీద కూర్చున్నాను.

గోల్స్ పడటం మొదలైంది. ఒకటి, రెండు, మూడు... మూడింటికి ఎవరూ ఏమీ అనలేదు. అయిదింటికి అందరూ అన్నయ్య నెత్తివైపు చూశారు. అక్కడ బట్టతల తప్ప ఏమీ లేదు. ఏడో గోలు పడ్డాక బోర్డు మూగబోయింది, గట్టుకి నోరొచ్చింది.

“పసిపిల్లలండీ అవతల! కాస్తయినా దయుండక్కర్లా?” అని ఒకావిడ. “గెలుపు తలకెక్కింది” అని ఇంకొకాయన. బ్యాడ్జీ పెద్దమనిషి స్వయంగా వచ్చి, “పోయినేడు షీల్డు ఇచ్చింది మీకేనా?” అన్నాడు. తన మంచితనం గురించి నలుగురూ నాలుగు మంచి మాటలు అనుకోవడం అన్నయ్యకెంత ఇష్టమో నాకు తెలుసు. అవన్నీ ఆ గట్టు మీద ఒక్కపూటలో మాసిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు. కుడికాలు మాత్రం బంతి అటు వెళ్లినప్పుడల్లా నేలని తొక్కుతూనే ఉంది. అక్కడ గుంట పడింది.

తొమ్మిదో గోలు రబ్బరుబ్యాండు పొట్టకి తగిలి మరీ లోపలికి పోయింది. పిల్ల చతికిలబడింది.

“టోపీ ఇటివ్వు” అన్నాడు అన్నయ్య.

“ఇవ్వను.”

“తమ్ముడూ, నీకు దణ్ణం పెడతాను. చూళ్లేకపోతున్నాను.”

“కుర్చీలో అతుక్కుపోయింది అన్నయ్యా” అన్నాను. నాకూ చూడబుద్ధి కాలేదు నిజానికి. తూనీగ పరిగెత్తికెళ్లి ఆ పిల్లకి చెయ్యందించింది. పిల్ల లేచి, మోకాలి మట్టి దులుపుకుని, తూనీగతో ఏదో అంది. ఏమందో తర్వాత తూనీగే చెప్పింది: “నువ్వు కొట్టేముందు మూల వైపు చూస్తావు. ఇప్పుడు కనిపెట్టాను.”

పది పడింది. పదకొండు పడింది. ఇక ఆట అయిపోవస్తుండగా తూనీగకి మళ్లీ బంతి దొరికింది, అదే చోట, ఎదురుగా ఎవరూ లేకుండా. రబ్బరుబ్యాండు రెండడుగులు ముందుకొచ్చి చేతులు బారజాపింది. గట్టు మీద, “వద్దమ్మా, చాలు!” అని కేకలు. తూనీగ ఎవరి వైపూ చూడలేదు. నవ్వలేదు. బలంకొద్దీ కొట్టింది.

ఆ పిల్ల పక్కకి పడింది. ఎగిరిందని అనలేను, పడింది. బంతి మోచేతికి తగిలి, పోస్టుకి తగిలి, అవతల గడ్డిలోకి దొర్లిపోయింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థంకాలేదు. తర్వాత ఆకుపచ్చ పిల్లలందరూ ఎక్కడివాళ్లక్కణ్నించి పరిగెత్తుకొచ్చి దాని మీద పడ్డారు. బేకరీ ఆయన అరిచే మాట కూడా మర్చిపోయి గెంతుతున్నాడు. మందుల షాపావిడ గట్టు దిగి సగం మైదానంలోకి వచ్చేసింది. రిఫరీ చివరి విజిల్ ఊదితే ఎవరికీ వినబడలేదు. నేను లేచి నిలబడ్డాను. టోపీ నలిగి అప్పడమైంది. అన్నయ్య ఏడుస్తున్నాడు, దాచుకోకుండా.

చేతులు కలిపే వరసలో ఈసారి రబ్బరుబ్యాండు ముందే నిలబడింది. అన్నయ్య దగ్గరికి వచ్చేసరికి బోర్డు వైపు చూసి మొహం చిట్లించింది.

“ఏడని ఉందేంటి? పదకొండు కదా! పన్నెండోది ఆపాను నేను.”

“ఏడు దాటితే మార్చరమ్మా, మీరు బాధపడతారని” అన్నాడు బ్యాడ్జీ పెద్దమనిషి, తేనె పూసిన గొంతుతో.

“అయితే నేను ఆపింది ఎన్నోదని చెప్పుకోవాలి?”

పెద్దమనిషి బ్యాడ్జీ సర్దుకున్నాడు. జవాబు మా అన్నయ్య దగ్గర ఉంది. ఎవర్నీ అడక్కుండా గబగబా బోర్డు దగ్గరికి నడిచి, స్టూలెక్కి, మా వైపున్న ఏడు పలక దించి, వెతికి వెతికి రెండు ఒకట్లు తీసి పక్కపక్కన తగిలించాడు. గట్టు మీంచి, “ఛీ, సిగ్గులేదు” అని వినబడింది. ఆయన స్టూలు దిగుతుంటే ఆ పిల్ల మెచ్చుకున్నట్టు తలాడించింది. ఆకుపచ్చ జట్టంతా వెళ్లి ఆ పదకొండు-సున్నా కింద భుజాల మీద చేతులు వేసుకుని ఫోటో దిగింది. జట్టు విరమణ సంగతి బేకరీ ఆయన మళ్లీ ఎత్తలేదు. షీల్డు ఈ ఏడు ఇంకెవరికో ఇచ్చారు.

ఇంటికి వెళ్లేటప్పుడు కారు తాళాలు అన్నయ్య మందుల షాపావిడ చేతిలో పెట్టాడు. “మీరు తియ్యండి” అన్నాడు. వెనకసీటులో నేనూ, బంతుల సంచీ, రబ్బరుబ్యాండూ. పిల్ల పన్నెండో గోలు ఎలా ఆపిందో మొదట్నించీ చెబుతోంది. చెప్పిన ప్రతిసారీ తూనీగ ఇంకాస్త గట్టిగా కొడుతోంది.

అన్నయ్య పక్క సీటులో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. తర్వాత బూట్లు విప్పి, రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కుని, బాసింపట్టు వేసుకుని, మోకాళ్లని చేతులతో అదిమి పట్టుకున్నాడు. అంత లావు మనిషి అంత చిన్న సీటులో అలా ఇరుక్కుని కూర్చుంటే చూడ్డానికి నాకు రెండు కళ్లు చాలలేదు.

మార్కెట్టు మలుపు దగ్గర ఒక సైకిలు కుర్రాడు వెనకా ముందూ చూసుకోకుండా అడ్డమొచ్చాడు. అన్నయ్య మోకాలు ఎగిరింది. చేతులు దాన్ని నొక్కిపట్టాయి. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను.

కారు మెత్తగా ఆగింది. కళ్లు తెరిచి చూస్తే సైకిలువాడు మా ముందునించి ఈల వేసుకుంటూ పోతున్నాడు. మందుల షాపావిడ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, తన కుడిపాదం వైపు వంగి చూసుకుంటోంది.

“పట్టుకుందండీ” అంది.

“మీరే ఆపారు” అన్నాడు అన్నయ్య. కాళ్లు మాత్రం కిందికి దించలేదు. మా వీధి వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు, తిమ్మిరెక్కి దిగలేకపోతే నేనే చెయ్యందించాను.